నలభై అయిదేళ్ళు నడిచొచ్చిన నంబర్ వన్!

పాటల పందెంలో మొదటి స్థానం అంటే కుర్రకారు సొత్తని మనందరి లెక్క. నిన్న మొన్న మీసాలొచ్చిన కుర్రాడో, ఇరవయ్యేళ్ళ చలాకీ పిల్లో రివ్వున దూసుకొచ్చి పై మెట్టెక్కి కూర్చోవడం మామూలే. కానీ 2015 జూన్ నెలాఖరులో అమెరికాలో ఓ వింత జరిగింది. 'బిల్‌బోర్డ్' పత్రిక వారం వారం ప్రకటించే ఆల్బమ్‌ల పట్టికలో అగ్రస్థానానికి ఓ పెద్దమనిషి నింపాదిగా నడిచొచ్చి కూర్చున్నాడు. బట్టతల, దాని మీదో గుడ్డ టోపీ, చేతిలో చెక్క గిటారు. వయసు 67! పేరు జేమ్స్ టేలర్. ఆల్బమ్ పేరు 'బిఫోర్ దిస్ వరల్డ్'.

ఇందులో వింతేముంది, పెద్దవాళ్ళు హిట్లు కొట్టకూడదా అంటారా? అసలు తమాషా అది కాదు. ఈయన అనామకుడేం కాదు. 1970 నుంచీ అమెరికాలో ఇంటింటా తెలిసిన గొంతు. 1976లో వచ్చిన ఆయన 'గ్రేటెస్ట్ హిట్స్' రికార్డు ఒక్కటే అమెరికాలో కోటికి పైగా అమ్ముడుపోయింది. అయినా ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆయన ఆల్బమ్ మొదటి స్థానానికి చేరలేదు. మూడోది అయింది, రెండోది అయింది, నాలుగోది చాలాసార్లే అయింది. ఒకటి మాత్రం దక్కలేదు. పట్టికలో మొదటిసారి పేరు కనిపించిన 45 ఏళ్ళకు గానీ ఆ అంకె ఆయన వంక చూడలేదన్నమాట!

రెండో స్థానం కథ ఇంకా రంజుగా ఉంటుంది. 1971లో జేమ్స్ 'మడ్ స్లైడ్ స్లిమ్' అనే ఆల్బమ్ వదిలాడు. అది చకచకా రెండో మెట్టు దాకా ఎక్కి ఆగిపోయింది. పై మెట్టు మీద ఎవరో కూర్చుని కదలనంటున్నారు. ఎవరా అని చూస్తే స్వయానా స్నేహితురాలు కరోల్ కింగ్, తన 'టేపెస్ట్రీ' ఆల్బమ్‌తో! ఆ ఆల్బమ్‌లో గిటారు వాయించినవాళ్ళలో జేమ్స్ కూడా ఉన్నాడు. అంతకు ముందు జేమ్స్ ఆల్బమ్‌లో పియానో వాయించింది కరోల్. ఆవిడ రాసిన 'యూ హావ్ గాట్ ఎ ఫ్రెండ్' పాటని జేమ్స్ పాడితే అదే ఏడాది సింగిల్స్ పట్టికలో మొదటి స్థానం కొట్టింది. పాట ఇచ్చి గెలిపించిందీ ఆవిడే, ఆల్బమ్‌తో అడ్డుపడిందీ ఆవిడే. అయినా ఇద్దరి స్నేహం చెక్కు చెదరలేదు. 2010లో ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగి కచేరీలు చేస్తే జనం విరగబడి చూశారు.

నాన్న వచ్చి తీసుకుపోయిన రోజు

ఈ ఆల్బమ్‌లో పాటలు మెత్తగా, పెరట్లో నులక మంచం మీద పడుకుని వినేలా ఉంటాయి. దీన్నే వాళ్ళు 'సాఫ్ట్ రాక్' అంటారు. డ్రమ్ములుంటాయి గానీ చెవులు దిమ్మెత్తించవు. ఎలక్ట్రిక్ గిటారు ఉంటుంది గానీ అరవదు. ఇంత నెమ్మదైన పాటలు రాసినవాడు పుట్టుకతోనే నెమ్మదైన జీవితం గడిపి ఉంటాడని అనుకుంటాం. అక్కడే పొరబడతాం.

జేమ్స్ 1948 మార్చి 12న బోస్టన్‌లో పుట్టాడు. పెరిగింది నార్త్ కరొలైనా రాష్ట్రంలోని చాపెల్ హిల్‌లో. తండ్రి ఐజక్ టేలర్ అక్కడి విశ్వవిద్యాలయ వైద్య కళాశాలకు డీన్. డబ్బుకీ చదువుకీ లోటు లేని ఇల్లు. అయినా కుర్రాడి మనసు కుదురుగా లేదు. పదిహేడో ఏట తీవ్రమైన దిగులుతో మెక్‌లీన్ అనే మానసిక వైద్యశాలలో చేరాడు. కొన్ని నెలలు అక్కడే ఉండి హైస్కూలు చదువు కూడా అక్కడి బడిలోనే పూర్తి చేశాడు.

తర్వాత న్యూయార్క్ చేరి, చిన్ననాటి స్నేహితుడు డానీ కోర్చ్‌మార్‌తో కలిసి 'ఫ్లయింగ్ మెషీన్' అనే బృందం పెట్టాడు. బృందం ఎగరలేదు. కుర్రాడికి హెరాయిన్ అంటుకుంది. ఓ రోజు చేతిలో చిల్లిగవ్వ లేక, ఒంట్లో ఓపిక లేక ఇంటికి ఫోన్ చేశాడు. ఆ గొంతు వినగానే తండ్రికి సంగతి అర్థమైపోయింది. అప్పటికప్పుడు బయల్దేరి, రాష్ట్రాలకు రాష్ట్రాలు దాటుకుంటూ వచ్చి కొడుకుని కారులో వేసుకుని ఇంటికి తీసుకుపోయాడు. మన సినిమాల్లో అయితే ఈ సీనుకు హాలంతా ముక్కులు చీదుతుంది. జేమ్స్ మాత్రం ఈ సంఘటనని పాటగా మలచడానికి ముప్ఫయ్యేళ్ళు తీసుకున్నాడు. 1997లో వచ్చిన 'అవర్ గ్లాస్' ఆల్బమ్‌లో ఉందా పాట. ఈ మనిషికి తొందర అనేది ఏనాడూ లేదు!

1968లో లండన్ వెళ్ళాడు. బీటిల్స్ బృందం అప్పుడే 'ఆపిల్' అనే సొంత రికార్డు కంపెనీ తెరిచింది. అందులో కొత్త గాయకుల్ని వెతికిపెట్టే ఉద్యోగం పీటర్ ఆషర్‌ది. జేమ్స్ టేపు విని ఆయన ముచ్చటపడ్డాడు. పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్ ఎదుట కూర్చుని ఇరవయ్యేళ్ళ జేమ్స్ గిటారు పట్టుకుని పాడాడు. గొంతు తడారిపోయి ఉంటుంది, పాపం! పరీక్ష నెగ్గింది. బ్రిటన్ బయటి నుంచి వచ్చి ఆపిల్ కంపెనీలో చేరిన మొదటి గాయకుడతనే. అతని పాటలో ఓ దానికి మెకార్ట్‌నీ స్వయంగా బేస్ గిటారు వాయించాడు. ఇంత హంగు చేసినా రికార్డు అమ్ముడుపోలేదు. పైగా 1969లో మోటార్ సైకిల్ ప్రమాదంలో చేతులూ కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. గిటారు మనిషికి చేతులు విరగడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఆ చేతులు అతుక్కున్నాక, అదే ఏడాది డిసెంబరులో రికార్డు చేసిందే 'స్వీట్ బేబీ జేమ్స్'. 1970లో అది బయటికొచ్చాక అతని దశ తిరిగింది. 1971 మార్చి 1 నాటి 'టైమ్' పత్రిక ముఖచిత్రం మీద అతని బొమ్మే.

మొదటి సినిమా, చివరి హీరో వేషం

సినిమా పాఠకులకి ఈ ముచ్చట చెప్పకపోతే అన్యాయం. 1971లోనే జేమ్స్ సినిమా హీరో కూడా అయ్యాడు. మాంటీ హెల్మన్ దర్శకత్వంలో వచ్చిన 'టూ లేన్ బ్లాక్‌టాప్'లో ఇద్దరు కుర్రాళ్ళు 1955 మోడల్ షెవర్లే కారు వేసుకుని దేశం మీద పడి పందేలు కాస్తుంటారు. డ్రైవరు జేమ్స్. మెకానిక్ 'బీచ్ బాయ్స్' బృందపు డ్రమ్మర్ డెనిస్ విల్సన్. కథలో వాళ్ళకు పేర్లు కూడా లేవు, డ్రైవరు, మెకానిక్... అంతే! గాయకుణ్ణి హీరోగా పెట్టి ఒక్క పాటైనా పాడించని నిర్మాత ఎవరైనా ఉంటాడా? అక్కడ ఉన్నాడు. సినిమా ఆడలేదు. ఏళ్ళు గడిచాక మాత్రం పెద్ద పేరొచ్చి, 2012లో అమెరికా ప్రభుత్వం భద్రపరిచే సినిమాల జాబితాలోకి ఎక్కింది. జేమ్స్ మళ్ళీ హీరో వేషం జోలికి పోలేదు.

పెళ్ళి కూడా సినిమా ఫక్కీలోనే సాగింది. 1972లో ప్రసిద్ధ గాయని కార్లీ సైమన్‌ని పెళ్ళాడాడు. అమెరికా అంతా ఆ జంటని చూసి మురిసిపోయింది. ఇద్దరు పిల్లలు. కానీ మత్తు అలవాటు ఇంట్లో మూడో మనిషిలా తిష్ట వేసుకుని కూర్చుంది. 1983లో విడాకులయ్యాయి.

ఆ రోజుల్లోనే రెండు చావులు అతన్ని కుదిపేశాయి. ఆప్తమిత్రుడు, హాస్యనటుడు జాన్ బెలూషి 1982 మార్చిలో మత్తుమందు ఎక్కువై చనిపోయాడు. సినిమాలో పక్కన కూర్చున్న మెకానిక్, డెనిస్ విల్సన్, 1983 డిసెంబరులో తాగి నీళ్ళలో దిగి మునిగిపోయాడు. వయసు 39. ఇక తర్వాతి వంతు తనదేనని జేమ్స్‌కి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పదిహేనేళ్ళకు పైగా పట్టి పీడించిన హెరాయిన్‌ని ఆ దెబ్బలతో వదిలించుకున్నాడు. 1985 జనవరిలో బ్రెజిల్‌లో 'రాక్ ఇన్ రియో' వేదిక ఎక్కితే ఆ జనసముద్రమంతా గొంతు కలిపి అతని పాటలు పాడింది. ఇక నా పని అయిపోయింది అనుకుంటున్నవాడికి అంతకన్నా మందేముంటుంది?

కొట్టంలో పుట్టిన పాటలు

సరే, మన ఆల్బమ్ దగ్గరికి వద్దాం.

2002లో 'అక్టోబర్ రోడ్' వచ్చింది. ఆ తర్వాత జేమ్స్ సొంత పాటలతో కొత్త ఆల్బమ్ రాలేదు. క్రిస్మస్ పాటలు పాడారు, 2008లో ఇతరుల పాటలు పాడారు, కచేరీలు చేశారు. కొత్త పాటలేవి స్వామీ అంటే బాణీలున్నాయి గానీ మాటలు రావడం లేదు. చిన్నప్పటి పాట తుఫానులా వచ్చి మీద పడేది, వయసు మీరాక పిలిచి, బతిమాలి, గడపలో కూర్చోబెట్టుకోవలసి వచ్చింది. చివరికి ఆయన ఇంట్లో పని జరగదని తేల్చుకుని, రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ అనే సముద్రం ఒడ్డు ఊళ్ళో ఓ అపార్ట్‌మెంటులో రోజుల తరబడి ఒక్కరే కూర్చుని సాహిత్యం రాసుకున్నారు. కోట్లు గడించిన మనిషి పరీక్షలకు చదివే కుర్రాడిలా గది తలుపులు బిగించుకోవడం చూడండి!

రికార్డింగు మాత్రం ఇంటి దగ్గరే. మసాచుసెట్స్ రాష్ట్రపు కొండల్లో ఆయన ఇంటి ఆవరణలో ఓ పెద్ద కొట్టం ఉంది, పశువుల కొట్టం లాంటి కట్టడం. దాన్నే స్టూడియోగా మార్చుకున్నారు. నిర్మాత డేవ్ ఓడానెల్. వాయిద్యగాళ్ళంతా ఆరితేరినవాళ్ళు. డ్రమ్ముల మీద స్టీవ్ గాడ్, బేస్ మీద జిమ్మీ జాన్సన్, ఎలక్ట్రిక్ గిటారు మీద మైకేల్ లాండో, కీబోర్డుల మీద లారీ గోల్డింగ్స్, ఫిడేలు మీద ఆండ్రియా జాన్. వీళ్ళెవరూ తమ తడాఖా చూపించాలని ఎగబడరు. స్టీవ్ గాడ్ అంతటివాడు ఒక్కోచోట చేతులు ముడుచుకు కూర్చున్నాడేమో అనిపించేటంత పొదుపుగా వాయించాడు. నన్నడిగితే ఆల్బమ్ హాయిలో సగం వాటా ఈ పొదుపుదే.

మిగతా సగం జేమ్స్ గిటారుది. ఆయన వాయింపులో ఓ రహస్యం ఉంది, ఆయనే తన వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టిన పాఠాల్లో విప్పి చెప్పారు. గిటారు మెడకు కెపో బిగించినప్పుడూ, తీగని గట్టిగా మీటినప్పుడూ స్వరం రవ్వంత పైకి పోతుంది. అందుకని ఆయన తీగలన్నిటినీ ముందే రవ్వంత తగ్గించి శ్రుతి చేస్తారు. అర్ధస్వరాన్ని నూరు భాగాలు చేస్తే, అన్నిటికన్నా లావు తీగని పన్నెండు భాగాలు తగ్గిస్తారు. సన్నతీగకి మూడు భాగాలు చాలు. విన్నవాడికి ఈ లెక్కలేం తెలియవు, 'అబ్బ, ఏం తియ్యగా ఉంది!' అని మాత్రం అనుకుంటాడు. గిటారు నేర్చుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇది రాసిపెట్టుకోండి.

పది పాటలు

ఆల్బమ్‌లో పాటలు పదే. మొదటిది 'టుడే టుడే టుడే', పాటల బాట పట్టిన తొలినాళ్ళ ఉత్సాహం. రెండోది 'యూ అండ్ ఐ అగెన్' వింటే మనవాళ్ళకు చప్పున అర్థమవుతుంది. ఈ మనిషిని ఇంతకు ముందే ఏ జన్మలోనో ఎరుగుదును, మళ్ళీ కలుసుకున్నాం అనే భావం. జన్మజన్మల బంధం అన్నమాట! 2001లో పెళ్ళాడిన భార్య కిమ్‌ని తలుచుకుని రాసిన పాట. చెల్లో వాయించింది ప్రపంచప్రసిద్ధుడు యో యో మా. పియానో పక్కన ఆ చెల్లో నెమ్మదిగా లేచే చోట ఎంత గడుసువాడైనా కాసేపు మాట్లాడడు.

'ఏంజెల్స్ ఆఫ్ ఫెన్‌వే' బేస్‌బాల్ పాట. మనకెందుకు బేస్‌బాల్ అనకండి, కథ వినండి. బోస్టన్ జట్టు 'రెడ్ సాక్స్' 1918లో ఛాంపియన్ అయింది. తర్వాత తమ మేటి ఆటగాడు బేబ్ రూత్‌ని న్యూయార్క్ జట్టుకి అమ్ముకుంది. ఆ పాపం తగిలినట్టు 86 ఏళ్ళు మళ్ళీ గెలుపు లేదు! 2004లో అదే న్యూయార్క్ జట్టు చేతిలో వరసగా మూడు ఆటలు ఓడి, ఇక ఒక్కటి ఓడితే ఇంటికే అన్న దశలో నాలుగూ గెలిచి, ఆపై ఛాంపియన్ అయింది. 1983లో కపిల్ సేన కప్పు పట్టుకున్న రాత్రి మన పెద్దలు ఎలా గంతులేశారో బోస్టన్ అలా గంతులేసింది. జేమ్స్ ఈ కథని మనవడూ బామ్మా చుట్టూ అల్లారు. జీవితమంతా ఓడిపోయే జట్టునే నమ్ముకున్న బామ్మ! ఈ పాటలో కిమ్, కొడుకు హెన్రీ కూడా గొంతు కలిపారు.

'స్ట్రెచ్ ఆఫ్ ద హైవే' ఊరూరా తిరిగే పాటగాడి బస్సు బతుకు, హుషారుగా సాగుతుంది. 'మోంటానా' కొండల్లో ఓ చిన్న ఇల్లు. 'స్నోటైమ్' టొరంటోలో మంచు కురిసే రాత్రి. ఈ రెండూ బాగానే ఉన్నాయి గానీ ఒకదాని వెనక ఒకటి వింటే కాస్త కునుకు పట్టే మాట నిజం. 1971లోనే లెస్టర్ బాంగ్స్ అనే విమర్శకుడు ఈ మెత్తదనాన్ని చూసి ఒళ్ళు మండి, జేమ్స్‌ని చంపెయ్యాలన్నంత కసిగా ఓ పెద్ద వ్యాసం రాశాడు. బాంగ్స్ 1982లో చనిపోయాడు. ఉండి ఉంటే ఈ రెండు పాటలకీ మళ్ళీ కలం దూసేవాడే.

కానీ 'ఫార్ ఆఫ్ఘనిస్తాన్' వింటే ఆయన నోరూ మూతపడేది. అది యుద్ధానికి పోతున్న అమెరికా సైనికుడి మనసు. యుద్ధం తప్పు, ఒప్పు అని జేమ్స్ ఉపన్యాసమివ్వరు. ఆ సైనికుడికి ఏమేం నూరిపోశారో, ఏమేం భయపెట్టారో, అవన్నీ మోసుకుని ఆ కొండల్లోకి ఎలా వెళ్ళాడో చెప్పి ఊరుకుంటారు. ఆల్బమ్ వచ్చేనాటికి ఆ యుద్ధం మొదలై పద్నాలుగో ఏడు. అమెరికా సేనలు పూర్తిగా వెనక్కి రావడానికి 2021 దాకా పట్టింది. మెత్తని గొంతు ఇలాంటి పాటకి పనికిరాదనుకుంటాం. అరిచి చెప్పిన మాటకన్నా ఈ గొంతే ఎక్కువ వణికించింది నన్ను.

'బిఫోర్ దిస్ వరల్డ్' పేరుతో ఉన్న పాటలో స్టింగ్ గొంతు కలిపాడు, యో యో మా చెల్లో మళ్ళీ వినిపిస్తుంది. చివరిది 'వైల్డ్ మౌంటెన్ టైమ్', స్కాట్లాండ్, ఐర్లండ్ వైపు తరతరాలుగా పాడుకునే పాట. పదమూడేళ్ళు కూడబెట్టిన సొంత పాటల చివర ఓ జానపదాన్ని పెట్టి పక్కకు తప్పుకున్నారు.

నేను కావాలనే ఒక పాటని దాటేశాను. 'వాచిన్ ఓవర్ మి'. మత్తు నుంచి బయటపడిన మనిషి, తన చేతిలో నలిగిపోయినవాళ్ళకీ, తనని వదలకుండా కాపు కాసినవాళ్ళకీ పెట్టుకునే దండం. ఏడుపు గొట్టుగా కాక చలాకీ నడకతో సాగడమే దీని గొప్ప. ఆయనకి కాపు కాసినవాళ్ళెవరో పాటలో పేర్లుండవు. చాపెల్ హిల్ నుంచి పరుగున వచ్చిన తండ్రి గుర్తొస్తాడు మనకి. అలా కాపు దక్కనివాళ్ళూ గుర్తొస్తారు. జేమ్స్ పెద్దన్న అలెక్స్ కూడా గాయకుడే. తాగుడు ఆయన్ని మింగేసింది. పోయిన రోజు 1993 మార్చి 12. తమ్ముడి పుట్టినరోజు.

మొదటి వారంలో ఈ ఆల్బమ్ అమ్మకం సుమారు 97 వేలు. 1970ల లెక్కలో అది పెద్ద సంఖ్య కాదు. పాటలు గాలిలో వచ్చి ఫోనులో వాలే 2015లో మాత్రం అదే నంబర్ వన్. అదే ఏడాది నవంబరులో ఒబామా చేతుల మీదుగా అమెరికా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. ఆనాడు పక్కన స్టీవెన్ స్పీల్‌బర్గ్, బార్బ్రా స్ట్రైసాండ్ కూడా ఉన్నారు. అన్నట్టు, మన కుర్రకారు చెవి కోసుకునే టేలర్ స్విఫ్ట్‌కి తల్లిదండ్రులు ఆ పేరు పెట్టుకున్నది ఈ టేలర్ గారి మీద అభిమానంతోనే!

వినాలనిపించినవాళ్ళకి ఓ మాట. వరసగా మొదలుపెట్టకండి. రాత్రి భోజనాలయ్యాక, వీధిలో సందడి తగ్గాక, ముందు 'వాచిన్ ఓవర్ మి' పెట్టుకోండి. ఆ తర్వాత 'ఫార్ ఆఫ్ఘనిస్తాన్'. అవి రెండూ నచ్చితే మొదటికి వెళ్ళి పదీ వినండి. 'స్నోటైమ్' దగ్గర కునుకు పడితే పట్టనివ్వండి, ఫరవాలేదు.